మగ్గము – సంఘము: మాచాని సోమప్పగారి కృషి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఆదోని పేరు చెప్పగానే ప్రత్తి, ఎమ్మిగనూరు పేరు చెప్పగానే మగ్గము జ్ఞప్తికి వచ్చును. ఈ రెండు ఊళ్లకు నడుమ దూరము స్వల్పము. అయినను ఈ నల్లరేగడిలో పండిన ప్రత్తి ఎమ్మిగనూరి మగ్గమును చేరవలెనన్నచో చాల దూరము తిరిగి రావలసి యుండెను. ఆదోని జిన్నింగు ఫ్యాక్టరీలలో గింజ తీయించుకొని, బేళ్లుగా కట్టబడి, నూలు మిల్లులకు పోయి, అచ్చట నూలై, చిలపల రూపమున తిరిగి వచ్చును. చేయి మారిన ప్రతి చోటను ధర పెరుగును. ఆ పెరిగిన ధర యంతయు కడపట నేతగాని తలపై పడును.

మగ్గపు గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడు ఒక్కడే బట్ట నేయుచున్నాడని చూచువారు భావింతురు. ఆసు పోయుట, పడుగునకు గంజి పెట్టుట, అచ్చు అతుకుట, పేకకు కండెలు చుట్టుట – ఇవన్నియు జరిగిన తరువాత గాని నాడె కదలదు. ఈ పనులలో ఇంటిల్లిపాదియు పాల్గొందురు. వానకాలమున గంజి ఆరదు. పడుగు ఆరని దినమున పని సాగదు. కూలి మాత్రము దిగిన బట్టను బట్టియే లెక్క.

నేతగానికి పనితనము కొరవ లేదు. కొరవయైనది పెట్టుబడి. నూలు షావుకారు అప్పుగా ఇచ్చును. బట్టను ఆయనయే తీసికొనును. ధరయు ఆయనయే కట్టును. మగ్గము దిగిన బట్టను మంచి ధర వచ్చువరకు దాచుకొను ఓపిక నేతగానికి ఎక్కడిది? పొయ్యి వెలుగవలెనన్నచో ఆ సాయంకాలమే దానిని ఇచ్చివేయవలెను. బజారున ఆ బట్ట షావుకారు గుర్తుతో అమ్ముడుపోవును గాని, నేసిన చేయి ఎవరిదో కొన్నవారికి తెలియదు.

ఇట్టి కష్టము మన సీమకే పరిమితము గాదు. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 1844వ సంవత్సరమున 28 మంది సామాన్యులు తలకొక పౌను చొప్పున మూలధనము కూర్చి, డిసెంబరు 21వ తేదీన చిన్న అంగడి తెరచిరి. వారిలో నేతపనివారు కూడ కలరు. పిండి, వెన్న, చక్కెర వంటి కొలది సరుకులే ఆ అంగడిలో నుండెను. ఒక సభ్యునికి ఒకే ఓటు. మిగులు లాభము కొనుగోలును బట్టి సభ్యులకే. కొలది సంవత్సరములలోనే వారు లాభమున నూటికి రెండున్నర వంతు విద్యకై కేటాయించి, పఠనమందిరమును, గ్రంథాలయమును నడిపిరి.

మన దేశమున 1904వ సంవత్సరపు చట్టము అప్పులిచ్చు సహకార సంఘములకు మాత్రమే అనుమతి నిచ్చెను. 1912వ సంవత్సరపు చట్టముతో ఉత్పత్తి, అమ్మకపు సంఘములకును దారి ఏర్పడెను. మద్రాసు రాష్ట్రమునకంతటికి చేనేత సహకార సంఘము 1935లో వెలసెను. ఆ కాలమున ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలో, బళ్లారి జిల్లాలో చేరి యుండెను. అట్టి దినములలో, 1938వ సంవత్సరమున, శ్రీ మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘమును స్థాపించిరి.

చేనేత సహకార సంఘము చేయు పనిని చెప్పుట సులభము, నడపుట కష్టము. సభ్యుల వాటాధనముతోను, బ్యాంకు అప్పుతోను నూలును టోకుగా కొనవలెను. దానిని సభ్యులకు పంచి, నేసిన బట్టకు కూలి ముట్టజెప్పి, సరుకును నిలువ చేసి, ధర చూచి అమ్మవలెను. మిగిలినదానిని సభ్యులకే పంచవలెను. ఒక్క నేతగానికి లేని ఓపిక అందరికి కలిపి చేకూరును. అన్నిటికంటె ముఖ్యముగా, బట్టపై పడు పేరు సంఘముది, ఊరిది అగును. వన్నె వెలిసినను, నేత పలుచనైనను ఆ చెడ్డపేరు అందరిది. కాబట్టి ప్రతి సభ్యుడు తోటివాని నేతకు పూచీ వహింపవలసి వచ్చును.

1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము అవతరించినపుడు ఆదోని తాలూకా బళ్లారి జిల్లానుండి విడివడి ఆంధ్రలో చేరెను. పద్మ పురస్కారములను ప్రభుత్వము 1954లో ఏర్పరచెను. ఆ తొలి సంవత్సరముననే సోమప్పగారికి సంఘసేవకు గాను పద్మశ్రీ లభించెను. ఆ గౌరవము మగ్గపు గుంటలో కూర్చున్న ప్రతివానికిని చెందినదే.

అటుపిమ్మటి కాలము చేనేతకు అనుకూలముగా లేకపోయినది. మరమగ్గము ఒక దినమున దింపు బట్టను చేతిమగ్గము దింపజాలదు. 1985వ సంవత్సరపు చట్టము మొదట 22 రకములను చేనేతకు ప్రత్యేకించెను. తరువాత అవి 11కు తగ్గినవి. చేనేత పేరుతో మరమగ్గపు బట్టను అమ్మువారిని చట్టమొక్కటియే ఆపజాలదు. కొనువాడు నేతను గుర్తెరుగవలెను.

లోపలి ప్రమాదము ఇంతకంటె పెద్దది. సభ్యుడు తన ఖాతాపుస్తకమును చదువలేనపుడు, సర్వసభ్య సమావేశమున లెక్కను అడుగలేనపుడు, సంఘమును సర్కారుదో పెద్దలదో అని తలచును. అట్లు తలచిననాడు వెనుకటి షావుకారు స్థానమున మరియొకరు కూర్చుందురు. నూలు, బట్ట, పేరు మరల చేయి దాటిపోవును. స్థాపించుటకు ఒక సోమప్పగారు చాలును. నిలుపుకొనుటకు చదువుకొన్న సభ్యులు వందలకొలది కావలెను.

గ్రంథాలయము చేయదగిన పని ఇక్కడనే కలదు. చందాదారులు తమ ఇంటి ప్రక్కనున్న నేతగానిని, రైతును వెంటబెట్టుకొని వత్తురుగాక. కథల పుస్తకములతో పాటు సహకార చట్టమును, సంఘపు వార్షిక నివేదికను కూడ ఈ బల్లపై ఉంచుదురుగాక. చదువరానివారికి చదివి వినిపించుటకు వారమునకు ఒక సాయంకాలము చాలును. ఆ సాయంకాలము ఏదో ఈ సభయందే నిర్ణయించుట ఉచితము.