మట్టిని చదివిన ఆచార్యుడు, ఇంటికి వచ్చిన విశ్వవిద్యాలయం

(జాతీయ విద్యా దినోత్సవం సందర్భంగా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సభలలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న సూర్యాపేటలోనూ, ఈ ఉదయం కోదాడలోనూ చెప్పిన మాటలనే ఇప్పుడు మిర్యాలగూడలో మీ ముందు ఉంచుతున్నాము. నవంబర్ 11 మౌలానా అబుల్ కలాం ఆజాద్ జన్మదినం. ఏటా ఈ రోజున మౌలానాను తలచుకుంటాము, చాయ్ తాగి ఇళ్ళకు పోతాము. ఈసారి ఆయన పేరిట హైదరాబాదులో వెలసిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా పనిచేసిన ఒక శాస్త్రవేత్తను గురించి మాట్లాడదలచాము.

ఆయన ఆచార్య మహమ్మద్ షమీమ్ జైరాజ్‌పురి. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులు. ఆయన పరిశోధించినది నులిపురుగులను. మన జిల్లా రైతులకు వాటి సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. టమాట, వంగ మొక్కలను పీకి చూస్తే వేళ్ళకు బుడిపెలు కనిపిస్తాయి. నల్లగొండ బత్తాయి తోటల్లో చెట్టు ఏళ్ళ తరబడి నీరసించి, ఆకు రాలి, కాయ చిన్నదై ఎండిపోతుంది. నీళ్ళు చాలలేదనో, ఎరువు తగ్గిందనో అనుకుంటాము. వేరును పట్టుకున్న నులిపురుగు కంటికి ఆనదు. అన్ని నులిపురుగులూ చెడ్డవి కావు. తోటి నులిపురుగులను తిని బతికేవి కూడా మట్టిలో ఉన్నాయి. ఏది ఏదో సూక్ష్మదర్శిని కింద గుర్తించి, జాతిని నిర్ణయించి, పేరు పెట్టి పుస్తకంలోకి ఎక్కించడం ఆచార్యుల వారి పని. 1916లో ఏర్పడిన భారత జంతు సర్వేక్షణ సంస్థకు ఆయన సంచాలకులుగా కూడా పనిచేశారు.

అటువంటి వారిని తెచ్చి ఉర్దూ విశ్వవిద్యాలయానికి అధిపతిని చేయడమేమిటని ఎవరికైనా సందేహం రావచ్చు. ఉర్దూ అనగానే గజల్, ముషాయిరా గుర్తుకొచ్చే మనకు ఆ సందేహం మరీ సహజం. పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం 1998 జనవరిలో ఆ విశ్వవిద్యాలయం మొదలైంది. ఉర్దూ భాషాభివృద్ధితో పాటు, ఉర్దూ మాధ్యమంలో వృత్తి, సాంకేతిక విద్యను అందించడం, స్త్రీవిద్యపై ప్రత్యేక శ్రద్ధ పెట్టడం ఆ చట్టంలోని లక్ష్యాలు. ఆ పని కవి కన్నా శాస్త్రవేత్తకే ఎక్కువ తగినదని మా అభిప్రాయం. తరువాత వచ్చిన ఉపకులపతులలో పఠాన్ గారు భూగర్భశాస్త్రవేత్త, అస్లం పర్వేజ్ గారు వృక్షశాస్త్రవేత్త. అస్లం పర్వేజ్ గారైతే ఉర్దూలో 'సైన్స్' అనే మాసపత్రికనే నడిపినవారు.

ఇంకొక పోలిక కూడా ఉంది. బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడినప్పుడు దానికి తొలి ఉపకులపతి వాల్టర్ పెర్రీ. ఆయన ఔషధశాస్త్ర ఆచార్యులు.

ఇక మన హైదరాబాదు సంగతి. 1918లో ఉస్మానియా ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. భౌతిక, రసాయన, వైద్యశాస్త్రాల పుస్తకాలను అనువదించడానికి అంతకుముందే దారుల్ తర్జుమా పెట్టారు. దేశభాషలో ఉన్నత శాస్త్రవిద్య సాధ్యమేనని లోకానికి చూపారు. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడే రైతుబిడ్డకు ఆ ఉర్దూ కూడా పరాయి భాషే అయింది. ఆ న్యాయమైన ఫిర్యాదును మనం మరువకూడదు. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయింది. మళ్ళీ ఉర్దూలో డిగ్రీ చదువులకు ప్రత్యేకంగా ఒక విశ్వవిద్యాలయం రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

జైరాజ్‌పురి గారి హయాంలో ఆ విశ్వవిద్యాలయం దూరవిద్యతో మొదలైంది. ప్రాంగణంలో రెగ్యులర్ కోర్సులు 2004లో గాని రాలేదు. ముందు భవనాలు కట్టి, ఆ తరువాత పిల్లలను పిలవడం మన దేశంలో ఆనవాయితీ. ఇక్కడ పాఠమే ముందుగా పోస్టులో ఇంటికి వెళ్ళింది. గడప దాటనివ్వని ఇంటి ఆడపిల్ల దగ్గరకు, పగలంతా స్పేనర్ పట్టుకునే మెకానిక్ దగ్గరకు వెళ్ళింది. లెక్కలో లేని వారిని లెక్కలోకి తేవడం ఆయనకు వృత్తిరీత్యా అలవాటైన పని కదా అని మాకు అనిపిస్తుంది.

దూరవిద్య విలువ మాకు పుస్తకాల వల్ల తెలిసినది కాదు. ఇంటర్మీడియట్‌తో గుమాస్తా ఉద్యోగంలో చేరాము. డిగ్రీ లేక పదోన్నతి ఆగింది. 1982లో రామ్‌రెడ్డి గారు తొలి ఉపకులపతిగా మొదలైన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే నేటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం, మమ్మల్ని పట్టభద్రులను చేసింది. ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి నల్లగొండ తరగతులకు వెళ్ళేవారము. పక్క సీటులో ఒక కానిస్టేబులు, వెనుక ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు. వారి ముందు చదువు రాదని చెప్పుకోవడానికి సిగ్గుపడేవారము.

ఇప్పుడు చెప్పబోయేది మా తప్పు. ఏడేళ్ళ క్రితం ఈ మూడు ఊళ్ళలో ఒక ఊరిలో, రైసుమిల్లు హమాలీ కూతురు డిగ్రీ దరఖాస్తు నింపి, మెమోలు జతచేసి మా చేతికిచ్చింది. పెళ్ళై ఇద్దరు పిల్లలున్న అమ్మాయి. అత్తవారిని ఒప్పించడానికి ఆమెకు రెండేళ్ళు పట్టిందట. దరఖాస్తును మేము ఫైలులో పెట్టాము. ఆ నెలలో ఇంట్లో పెళ్ళిపనులు. ఫైలు తెరిచేసరికి గడువు దాటి నాలుగు రోజులైంది. ముప్పై ఏళ్ళు ఇతరుల ఫైళ్ళకు గడువులు గుర్తుచేసిన వాళ్ళము మేము! మరుసటి సంవత్సరం వెళ్ళి అడిగితే, "ఇక వద్దులెండి చాచా, మళ్ళీ వాళ్ళను అడిగే ఓపిక లేదు" అన్నది.

ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లలలో నలుగురికొకరు బడికి వెళ్ళనే లేదని, లేదా మధ్యలో మానేశారని 2006లో సచార్ కమిటీ చెప్పింది. నాటి ఆ పిల్లలు ఇప్పుడు మన వీధుల్లో తల్లులు, తండ్రులు. వారి కోసం మైనారిటీ గురుకులాలు రావు. వారికి మిగిలినది ఈ దారే.

రెండు జాగ్రత్తలు చెప్పి ముగిస్తాము. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడుతున్నా, పిల్లల్లో చాలామంది చదివింది తెలుగులో. ఉర్దూ లిపి ధారాళంగా వచ్చిన వారే ఉర్దూ మాధ్యమం తీసుకోవాలి. తక్కిన వారికి తెలుగు మాధ్యమం ఉన్నది, అందులో నామోషీ లేదు. రెండవది, కోర్సు ఆ సంవత్సరానికి యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి జాబితాలో ఉందో లేదో చూడకుండా రుసుము కట్టవద్దు. అనుమతి ఉన్న దూరవిద్య డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని యూజీసీ నిబంధనలే చెబుతున్నాయి.

సభ ముగిశాక గుమ్మం పక్కన బల్ల వేసుకుని కూర్చుంటాము. పదవ తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్ నకలు తీసుకురండి. దరఖాస్తును మీ కళ్ళ ముందే సెల్‌ఫోనులో నింపి, రశీదు మీ చేతికే ఇస్తాము. మా ఫైలులో ఒక్క కాగితం కూడా ఉంచుకోము.