మాదిరి హెలికాప్టరునకు ఒడలు కట్టుట
(పాఠశాల విజ్ఞాన సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



గడచిన రెండు సంవత్సరములుగా మన పాఠశాల వెనుకటి గదిలో ప్రతి శనివారము మధ్యాహ్నము ఏమి జరుగుచున్నదని మీలో అనేకులు మమ్ము అడిగితిరి. ఆ గదినుండి బంక వాసనయు, కర్రను అరగదీయు చప్పుడును వచ్చుచుండుటచే, కుర్చీలు బాగుచేయుచున్నారని కొందరు తలచిరట. మేము చేయుచుండినది వేరు. రేడియో సహాయమున నడచు చిన్న హెలికాప్టరునకు, మన బెంగుళూరులో తయారైన చేతక్ హెలికాప్టరు రూపమున ఒక ఒడలు కట్టుచుంటిమి. ఆ పనిలో మేము నేర్చినదానిని, చెడగొట్టినదానిని కూడ దాచక నేడు మీకు విన్నవించెదము.

ముందుగా ఒక ప్రశ్న. అంగడిలో దొరకు మాదిరి హెలికాప్టరునకు మోటారు, పళ్లచక్రములు, రెక్కలు, ఒక సన్నని తోకగొట్టము ఉండును. అది ఆ అస్థిపంజరముతోనే చక్కగా ఎగురును. మరి దానికి ఒడలు ఎందుకు? ఈ ప్రశ్నను మా బృందములోని ఎనిమిదవ తరగతి విద్యార్థిని మొదటి దినముననే అడిగినది. ఆనాడు మాకు తగిన సమాధానము తోచలేదు. ఆ సమాధానము ఈ ప్రసంగము చివర లభించునని ఆశింతుము.

మన నగరమునకును ఆకాశయానమునకును గల సంబంధము మీరెరిగినదే. 1940 డిసెంబరులో ఇచట హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ వెలసినది. 1964లో అది హిందుస్థాన్ ఏరోనాటిక్స్ అయినది. ఫ్రాన్సు దేశమువారి అలూయెట్ 3 అను హెలికాప్టరును ఇచట తయారుచేయుటకు ఒడంబడిక జరిగి, 1965లో మొదటిది ఎగిరినది. దానికి రాణా ప్రతాపుని గుఱ్ఱము పేరు పెట్టి చేతక్ అనిరి. మూడువందలకు పైగా చేతక్‌లు ఈ నగరమున తయారైనవి. తరువాత మనవారే రూపొందించిన ధ్రువ్ 1992 ఆగస్టు 20న, తేలికపాటి యుటిలిటీ హెలికాప్టరు 2016లో మొదటిసారి ఎగిరినవి. తుమకూరు జిల్లాలో హెలికాప్టర్ల కొరకే కట్టిన కర్మాగారము 2023 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. ముసలిదైన చేతక్ స్థానమును క్రొత్తది ఆక్రమింపవలసి యున్నది. అది సహజమే. ఐనను చేతక్‌ను కట్టిన చేతులు గలవారు ఇంకను మన వీధులలో ఉన్నారు. మన పాఠశాల పిల్లల తాతలలోను ఉన్నారు. వారున్నంతలోనే ఆ పని నేర్చుకొనుట మంచిదని చేతక్‌నే ఎన్నుకొంటిమి.

ఎన్నుకొనుటకు మరియొక కారణము కూడ కలదు. పైనుండి చూచినచో చేతక్ రెక్కలు గడియారపు ముల్లు తిరుగు దిక్కుననే తిరుగును. మాదిరి హెలికాప్టర్లలో ఎక్కువ భాగము కూడ అటులే తిరుగును. రెక్కలు ఒకవైపునకు తిరుగునపుడు ఒడలు దానికి ఎదురు దిక్కున తిరుగజూచును. దానిని తిరుగనీయక నిలుపుటకే తోకలో చిన్న రోటరు ఉండును. దిక్కు మారినచో తోక రోటరు త్రోయవలసిన వైపును మారును. చేతక్ విషయమున మాకు ఆ చిక్కు లేకపోయినది.

ఇక లెక్క. నిజమైన చేతక్ రెక్కలు గీయు వృత్తము అడ్డకొలత 11.02 మీటర్లు. ఒడలి పొడవు 10.03 మీటర్లు. మేము ఎనిమిదవ వంతు కొలతను తీసికొంటిమి. కావున వృత్తము సుమారు 138 సెంటీమీటర్లు, ఒడలు 125 సెంటీమీటర్లు అయినవి. ఇంతవరకు సులభమే. ఇచట విద్యార్థులు గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. పొడవు ఎనిమిదవ వంతైనపుడు వైశాల్యము 64వ వంతగును, ఘనపరిమాణము 512వ వంతగును. చేతక్ ఎగురగల గరిష్ఠ బరువు 2,200 కిలోలు. దానిని 512 చేత భాగించినచో సుమారు 4.3 కిలోలు వచ్చును. మోటారు, సర్వోలు, బ్యాటరీ, రెక్కలు అన్నియు కలిసి 3.2 కిలోలు తూగినవి. ఒడలికి మిగిలినది 1.1 కిలోలు మాత్రమే. ఈ సంఖ్యను నల్లబల్లపై పెద్ద అక్షరములతో వ్రాసితిమి. వ్రాసి, పిదప మరచితిమి! ఆ కథ ముందు వచ్చును.

ఒడలు కట్టు విధము ఇట్టిది. పై, ప్రక్క, ముందు చూపుల పటములను ఎనిమిదవ వంతు కొలతకు పెంచి కాగితముపై గీసితిమి. ఒడలిని పొడవునా పదునాలుగు చోట్ల అడ్డముగ కోసినట్లు భావించి, ఒక్కొక్క కోతకు ఒక్కొక్క ఆకారము గీసి, మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్డులో కోసితిమి. ఇవి పక్కటెముకలు. మొదట యంత్రమును బల్లపై నిలిపి, రెక్కల ఇరుసు ఏ తావున నిటారుగ నిలుచునో ఆ తావును గుర్తించి, దానినుండి ముందునకు, వెనుకకు ఎముకలను కొలిచి నిలిపితిమి. ఇల్లు కట్టువాడు మొదట స్తంభము నాటి, దానినిబట్టి గోడ లేపును గదా! ఇచట స్తంభము ఇరుసే. ఎముకలపై సన్నని బాల్సా కర్ర బద్దలను, పడవకు పలకలు పరచినట్లు, ఒకదాని ప్రక్క ఒకటి అతికించితిమి. అరగదీసి నునుపుచేసి, పలుచని గాజునూలు గుడ్డను ఎపాక్సీతో దానిపై పరచితిమి. గాజు ధూళి ఊపిరితిత్తులకు చెరుపు గావున, అరగదీయునపుడు ముక్కుకు ముసుగు లేనివారిని గదిలోనికి రానీయలేదు.

ముందుభాగమున చేతక్‌నకు గాజుబుడగ వంటి గది కలదు. ప్లాస్టిక్కు రేకును వేడిచేసి కర్ర అచ్చుపై లాగి దానిని చేసితిమి. నాలుగు రేకులు చెడి ఐదవది కుదిరినది. చేతక్ ఇంజను పైకప్పు మీద బయటకే కనబడుచుండును. మేము కాగితపు గొట్టములతో ఉత్త ఇంజను చేసి, దాని క్రింద గాలి పోవుటకు త్రోవ విడిచితిమి. లేనిచో లోపలి మోటారునకు ఊపిరాడదు. రేడియో తీగ ఉండుచోట కార్బను గుడ్డ వాడలేదు, అది రేడియో తరంగములను అడ్డగించును గనుక.

ఈ దశలో మా బృందములోని యొక విద్యార్థి తన తాతగారిని వెంటబెట్టుకొని వచ్చినాడు. వారు యౌవనమున రాయలసీమనుండి ఈ నగరమునకు వచ్చి, హెలికాప్టర్ల కర్మాగారమున రేకుపని చేసి, విశ్రాంతి పొందినవారు. చూపు మందగించినది. వారు ఒడలిని కన్నులతో చూచుటకంటె వ్రేళ్లతో తడవి చూచిరి. మేము బంక చుక్కలతో పెట్టిన రివెట్ల వరుసపై వ్రేలు పోనిచ్చి, ఒకచోట ఆపి, “ఈ వరుస ఇచట ఉండదు నాయనా, ఇచట తలుపు జరుగును” అనిరి. పటమును తిరిగి చూచితిమి. వారి మాటయే నిజము. చేతక్ వెనుకటి తలుపులు ప్రక్కకు జరుగునవి. మేము వాటిని వట్టి గీతలుగ గీసి, వాటి దారిపైననే రివెట్లు పెట్టితిమి! నాటినుండి వారు ప్రతి శనివారము వచ్చుచుండిరి. బల్క్‌హెడ్డు, ఫ్రేము, స్ట్రింగరు అను మాటలను, కన్నడము, తమిళము, తెలుగు కలిసిన కర్మాగారపు భాషలో వారు చెప్పుచుండగా పిల్లలు వ్రాసికొనిరి.

ఇక మా తప్పుల సంగతి. తాతగారు మెచ్చవలెనను ఆశతో మేము ఒడలిని అద్దమువలె మెరయజేయబూనితిమి. పుట్టీ పూయుట, అరగదీయుట, మరల పూయుట. తోకవద్ద అతుకును దాచుటకు 40 గ్రాముల పుట్టీ పట్టినది. ఇరుసునుండి తోక కొన 75 సెంటీమీటర్ల దూరమున నున్నది. ముక్కులో బరువు పెట్టు చోటు 25 సెంటీమీటర్ల దూరమున నున్నది. త్రాసు లెక్క మీకు తెలియును: 40ని 75తో గుణించినచో 3,000. దానికి సరితూగుటకు ముక్కులో 120 గ్రాముల సీసము కావలెను. అనగా 40 గ్రాముల అందమునకు 160 గ్రాముల మూల్యము. ఇట్లే అన్నిచోట్ల పెరిగి, ఒడలు 1.6 కిలోలు తూగినది. మొత్తము 4.8 కిలోలు. మన బెంగుళూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నుండుటచే ఇచటి గాలి సముద్రతీరపు గాలికంటె సుమారు 8 శాతము పలుచన. పలుచని గాలిలో బరువైన ఒడలు. రెండు విధముల నష్టము.

రెండవ తప్పు ఇంతకంటె పెద్దది. నిజమైన చేతక్‌నకు వలె మూడు చక్రముల కాళ్లు పెట్టి, ముచ్చటకై వాటిలో మెత్తని స్ప్రింగులు అమర్చితిమి. నగరమునకు దూరముగ, 2021 నాటి డ్రోను నియమముల పటమున పచ్చరంగు గల ప్రదేశమున, ఒక ఉదయము దానిని నిలిపితిమి. పిల్లలను దూరముగ నిలువబెట్టితిమి. రెక్కలు వేగమందుకొనుచుండగా ఒడలు కుడికి ఎడమకు ఊగుట మొదలిడినది. ఊపు పెరిగినది. మోటారు ఆపుటకు మా చేయి కదలులోపల అది ప్రక్కకు ఒరిగి, రెక్కలు నేలను కొట్టి, తోక విరిగి రెండైనది. ఇదంతయు మూడు నాలుగు క్షణములలో జరిగినది. రెక్కల కొనలు నిమిషమునకు 1,400 తిరుగుళ్ల వేగమున గంటకు 360 కిలోమీటర్లకు పైగా పోవుచుండును. దూరముగ నిలిచియుండుటచే ఎవరికిని దెబ్బ తగులలేదు. పిల్లలు చాలసేపు మాటాడలేదు.

తాతగారు తునుకలను తడవి, ఇది నిజమైన హెలికాప్టర్లకును కలుగు రోగమేయనిరి. రెక్క ప్రతిదియు తన మేకు మీద ముందునకు వెనుకకు కొంచెము కదలును. మూడును సమదూరమున లేనిచో బరువు ఇరుసునుండి తొలగి ఊపు పుట్టును. మెత్తని కాళ్లపై ఒడలు ఊగు వేగమును, ఆ ఊపు వేగమును ఒక్కటైనచో, ఉయ్యాలను సమయమునకు త్రోసినట్లు ఒకదానినొకటి పెంచుకొనును. అందులకే చేతక్ రెక్కల మొదళ్లయందు ఊపు నణచు డాంపర్లును, రెక్కకు రెక్కకు నడుమ తీగలును పెట్టిరి. మేము పైరూపమును చూచితిమి. ఆ రూపము ఎందుకు అట్లున్నదో అడుగలేదు.

మరల కట్టితిమి. ఈసారి ప్రతి శనివారము పని ముగియగానే తూచి, బరువును నల్లబల్లపై వ్రాసితిమి. గాజుగుడ్డ ఒక్క పొర మాత్రమే. తోక అతుకు కనబడిన కనబడనిమ్మంటిమి. కాళ్లు బిగువుగ చేసితిమి. మూడు రెక్కలను గ్రాములో పదవవంతు వరకు సరితూచి, మేకులను ఒక్కటే బిగువున బిగించితిమి. తలుపును జరుగునట్లు చేసితిమి. ఒడలు 1.15 కిలోలు వచ్చినది. గడచిన సంక్రాంతి సెలవులలో అదే ప్రదేశమున అది నేలను విడిచి, మనిషి ఎత్తున ఆరు నిమిషములు నిలిచి, మెల్లగ దిగినది.

తాతగారు ఆ ఉదయము రాలేదు. కన్నులకు శస్త్రచికిత్స జరిగి ఇంటనే యుండిరి. సాయంకాలము మేమే మాదిరిని వారి ఇంటికి తీసికొనిపోయి అరుగుమీద ఉంచితిమి. కంటికి కట్టు ఉన్నది. వారు వ్రేళ్లతో ముక్కునుండి తోకవరకు తడవి, తోకవద్ద అతుకు తగిలినపుడు చిరునవ్వు నవ్వి, తలుపు దగ్గరకు వచ్చి దానిని ఒకసారి జరిపి, మరల మూసి, “ఇప్పుడు సరిగా జరుగుచున్నది” అని మాత్రము అనిరి.

మొదటి దినమున ప్రశ్న అడిగిన విద్యార్థిని అచటనే యుండినది. ఒడలు లేకయే ఎగురు దానికి ఒడలెందుకని తిరిగి అడుగలేదు. ఒడలు లేనిచో అది ఏదో ఒక యంత్రము. ఒడలు కట్టుటచేత, ఈ నగరమున ఎందరో తమ యౌవనమును ధారపోసి చేసిన యొక పని ఏయే కారణములచేత అట్లు చేయబడినదో మాకు తెలిసినది. చేతక్‌లు ఆకాశమునుండి తొలగవచ్చును. ఆ కారణములు తొలగవు. క్రొత్త హెలికాప్టరును కట్టువారికిని అవియే ఆధారము.

కావున విద్యార్థులారా, మీ ఇండ్లలో తాతలు, అవ్వలు ఏ పని చేసిరో అడుగుడు. అది నేతయైనను, రేకుపనియైనను, వంటయైనను సరే. అడిగినదానిని వ్రాసికొనుడు, వీలైనచో చేతులతో చేసిచూడుడు. చేయునపుడు తప్పక తూచుడు. వెనుకటి గది తలుపు ప్రతి శనివారము తెరచియుండును. ముక్కు ముసుగు మాత్రము మరువకుడు.