మన వాకిట తంగేడు



భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాటి సద్దుల బతుకమ్మ వరకు తొమ్మిది దినములు మన ఆడపడుచులు పూలనే దేవతగా పేర్చి కొలుచుకొందురు. గునుగు, బంతి, చామంతి, గుమ్మడి ఎన్ని ఉన్నను తంగేడు లేనిదే అది బతుకమ్మ కాదని మన తల్లుల నిశ్చయము. మరి ఈ తంగేడు మన ఉప్పల్‌కు, నాచారానికి నేడు ఎక్కడి నుండి వచ్చుచున్నది?

ఒకప్పుడు ఈ ప్రశ్నయే లేదు. ఉప్పల్ ఒక ఊరు, నాచారం ఒక ఊరు. వాటి చుట్టును పొలములు, రాతిగుట్టలు, బీళ్లు, చెరువులు. గట్టుమీద తంగేడు, కట్టమీద తంగేడు. పిల్లలు తెల్లవారకముందే పోయి ఒడినిండ కోసుకొని వచ్చెడివారు. తరువాత నాచారంలో పారిశ్రామికవాడ వెలసినది, బీళ్లు కాలనీలైనవి, 2017లో ఉప్పల్ మీదుగా మెట్రో రైలు కూడ నడచినది. ఇవన్నియు మనకు కావలసినవే. వాటిని నిందించుట మా ఉద్దేశము కాదు. కాని తంగేడు నిలువ చోటు పోయినది. ఇప్పుడది పండుగకు ఒకనాడు ముందు మూటలలో బజారుకు వచ్చుచున్నది. ఆ మూటను విప్పి చూడుడు, పూలకంటె విరిచిన కొమ్మలే ఎక్కువ. అమ్ముకొనువారు పొట్టకూటికై తెచ్చుచున్నారు, వారిని అనవలసినది లేదు. అయినను పూతమీద కొమ్మ విరిగినచో కాయ లేదు, కాయ లేనిచో గింజ లేదు, గింజ లేనిచో మరుసటి తరము పొద లేదు. 2014లో తెలంగాణ ప్రభుత్వము తంగేడును రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. సంతోషమే. ప్రకటనతో మొక్క మొలవదు కదా!

“తంగేడును పెరటిలో నాటుదురా? అది బీడుమొక్క కదా!” అని కొందరు మమ్ము అడిగిరి. కుండీలోని గులాబీకి ఎరువు, మందు, నీడ, నీరు అని నిత్యము ఊడిగము చేయుచున్నాము. తంగేడు అడుగునది ఎండ ఒక్కటే. పశువులు సాధారణముగా దానిని ముట్టవు. దాని రొట్టను రైతులు వరిమడిలో పచ్చిరొట్ట ఎరువుగా తొక్కెడివారు, పుల్లతో పెద్దలు పండ్లు తోముకొనెడివారు. దాని చెక్కతోనే దక్షిణదేశమున తోళ్లు పదును చేసిరి; దక్షిణాఫ్రికా నుండి వాటిల్ అను తుమ్మజాతి చెట్టు బెరడు దిగుమతియైన పిదప ఆ గిరాకి తగ్గినది. ఇంత చాకిరి చేసిన మొక్కకు పెరటిలో నాలుగడుగుల చోటు ఎక్కువ కాదని మా అభిప్రాయము.

నర్సరీలో కొనునపుడు ఒక మాట. పచ్చపూలు పూయు ఈ కుటుంబపు పొదలు పలువిధములు ఉన్నవి. ఆకుకాడ మొదట చూడుడు. రెండు ప్రక్కల చిన్న చెవుల వంటి గుండ్రని రెక్కలు అంటిపెట్టుకొని ఉన్నచో అది తంగేడు. శాస్త్రజ్ఞులు పెట్టిన ‘సెన్నా ఆరిక్యులేటా’ అను పేరులోని రెండవ పదమునకు చెవులు గలది అనియే అర్థము.

కొనుటకంటె గింజతో పెంచుట మేలు. ఈ మొక్క తల్లివేరు లోతునకు దిగును, పెరిగిన పిదప పెకలించి మార్చినచో తరచుగా చచ్చును. గింజ పైపొర మిక్కిలి గట్టిది, ఊరక నాటిన చాల దినములు మొలవదు. కాగిన నీటిని పొయ్యి మీదినుండి దించి, అందు గింజలు వేసి, రాత్రియంతయు అట్లే చల్లారనిచ్చి ఉదయము నాటవలెను. లేదా గరుకురాతిమీద కొంచెము రుద్దినను చాలును. మృగశిర కార్తెలో తొలివానకు అవి పెరుగవలసిన చోటనే వేయుట ఉత్తమము. సంచిలో వేసినవారు జానెడు ఎదుగకముందే, మన్నుగడ్డ విరుగకుండ నేలలో దించవలెను. పొదకు పొదకు నాలుగైదు అడుగుల ఎడము ఉండవలెను.

మన కాలనీలలో ఇల్లు కట్టగా మిగిలిన రాయి, ఇసుక, పెళ్లలు పెరటినిండ ఉండును. గులాబీ దానికి బెదరును గాని తంగేడు బెదరదు. అది ఓర్వలేనిది నిలిచిన నీరే. 2020 అక్టోబరు వానలకు నల్లచెరువు దిగువ వీధులలో నీరు ఎట్లు నిలిచినదో మీరు ఎరుగుదురు. అట్టి పల్లపు చోట్లవారు అడుగు ఎత్తున మట్టిదిబ్బ పోసి, దానిమీద నాటుకొనవలెను. మొదటి వేసవిలో వారమునకు ఒకసారి నీరు పోయుడు. వేరు నిలిచిన పిదప దాని దారిన దానిని విడిచిపెట్టుడు. నీరు, ఎరువు ఎక్కువైనచో ఆకు బలియును గాని పూత పలుచబడును.

కత్తిరింపు వేళ ముఖ్యము. పూలు కొత్త కొమ్మల కొసలయందే గుత్తులుగా వచ్చును. కావున కాయలు ఎండిన తరువాత, వేసవిలోనే, పొదలో మూడవ వంతు కత్తిరించవలెను. ఆషాఢ శ్రావణములలో కత్తెర పెట్టినచో భాద్రపదమునకు రావలసిన మొగ్గలే పోవును.

ఆకులను పచ్చని గొంగళిపురుగులు తినుట చూచి మందు కొట్టకుడు. అవియే కొద్దిదినములలో లేత పసుపు, తెలుపు రెక్కల సీతాకోకచిలుకలగును. ఆకు మరల వచ్చును. ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉండును. అదియు సన్నని గొట్టముల కొసన చిన్న రంధ్రములలో దాగియుండును. నల్లని తుమ్మెద పువ్వును పట్టుకొని ఝుమ్మని ఒళ్లు అదిలించినపుడే ఆ పొడి రాలును. ఉదయము పొద ప్రక్కన నిలిచి వినుడు, ఆ నాదము వేరుగా తెలియును.

పండుగనాడు పూగుత్తిని కాడతో గిల్లుకొనవలెను గాని కొమ్మను విరువరాదు. పొదకు సగము గుత్తులైనను విడిచిన శీతకాలము గడచునాటికి మూడు నాలుగు అంగుళముల చదునైన కాయలు గోధుమరంగుకు తిరుగును. వాటిని పగులకముందే కోసి, రెండు దినములు ఎండబెట్టి, గింజలను కాగితపు పొట్లములో ఉంచుడు. వచ్చే మృగశిరకు ప్రక్కింటివారికి ఇచ్చుటకు పది గింజలు చాలును.