నిస్సారమైన నేలలో ఒక పువ్వు

(యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినము ఒక చిన్న మొక్కను గూర్చి, దాని యెడల నేను చేసిన పొరపాటును గూర్చి చెప్పదలిచాను.

అరకు కొండలలో నేను సేవచేసిన ఒక గ్రామములో మందిరము ప్రక్కన చిన్న ఊటనేల ఉండేది. వానలు వెనుకబట్టిన తరువాత అందులో రూపాయి బిళ్లంత ఎర్రని మొక్కలు నేలకు అంటుకొని పెరిగేవి. ఆకుల నిండా వెంట్రుకలవంటి నూగు, ప్రతి కొసను మంచుబొట్టువంటి జిగురు, మధ్య సన్నని కాడమీద తెల్లని పువ్వు. పండుగ కూడికకు షామియానా వేయవలెనని ఆ చోటును ఎర్రమన్నుతో పూడ్పించాను. "అయ్యగారూ, అది ఈగల్ని పట్టే మొక్కండి. వేరే చోట బతకదు" అన్నది ఒక ముసలమ్మ. నేను నవ్వి ఊరుకున్నాను. మరుసటి ఏడు అది మొలవలేదు. మన్ను తీయించినా మొలవలేదు.

తరువాత చదివి తెలుసుకున్నాను. దాని శాస్త్రీయ నామము డ్రోసెరా బర్మాన్నీ. 1875లో చార్లెస్ డార్విన్ కీటకాహార మొక్కలపై వ్రాసిన గ్రంథములో అధిక భాగము డ్రోసెరాలను గూర్చినదే. వాన కడిగివేసిన నేలలో నత్రజని బహు తక్కువ. ఆ కొరతను ఈ మొక్క పురుగులతో తీర్చుకుంటుంది. జిగురుకు అంటిన పురుగు మీదికి అంచులనున్న నూగు క్షణాలలో వంగుతుంది. ఆకు రసములు ఊరి దానిని జీర్ణించుకుంటాయి. ఎరువు వేస్తే మేలనుకుంటాము. ఆ సారము దీని వేళ్లకు హాని, పైగా గడ్డి బలిసి దీనిని కప్పివేస్తుంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో రింగ్ మౌంటెన్ అను కొండ ఉన్నది. అక్కడి సర్పెంటైన్ రాతినేలలో కాల్షియము తక్కువ, మెగ్నీషియము, నికెల్ ఎక్కువ. పైరుకు పనికిరాని ఆ నేలలోనే టిబురాన్ లిల్లీ పూస్తుంది. లోకములో మరెక్కడా అది సహజముగా పెరగదు. 1973లో గాని దానికి శాస్త్రీయ నామము పెట్టలేదు.

పనికిరాని నేల అని మనము అనేది మన పంటను బట్టే గదా!

ఈ శతవార్షికోత్సవ కాలములో మన సంఘములలో క్రొత్త కట్టడములు లేస్తున్నవి. నేల చదును చేయకముందు అక్కడ ఏమి మొలుస్తుందో ఊరి పెద్దలను, పశువులు కాచే పిల్లలను అడగండి. చెప్పినప్పుడు వినండి. నాకు ఆ ముసలమ్మ అడగకుండానే చెప్పింది, వినలేదు నేనే.