టీకా పెట్టెలో ఐసు చేసే పని
(వార్డు ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉపాధి కోసం ఊరు విడిచి వచ్చిన కుటుంబాల బిడ్డలకు టీకాలు తరచుగా ఆసుపత్రిలో కాక అంగన్‌వాడీలోనో, భవన నిర్మాణం సాగే చోట వేసిన రేకుల షెడ్ల మధ్యనో అందుతాయి. నర్సమ్మ భుజాన ఉండే పెట్టెలో కరెంటు లేదు, యంత్రం లేదు. నీరు నింపి గడ్డకట్టించిన నాలుగు ప్లాస్టిక్ ఐస్‌ప్యాకులు ఉంటాయి. మే నెల ఎండలోనూ టీకాను 2 నుండి 8 డిగ్రీల మధ్య నిలిపేవి అవే.

వాటి బలమంతా గడ్డ కరిగే క్రియలో ఉంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1 క్యాలరీ చాలు. ఒక గ్రాము మంచును 0 డిగ్రీల వద్దనే నీరుగా మార్చడానికి 80 క్యాలరీలు కావాలి. అంత వేడిని మింగుతున్నా, ఐసు పూర్తిగా కరిగేవరకు ప్యాకు ఆ 0 డిగ్రీల వద్దనే నిలుస్తుంది. దీనినే గుప్తోష్ణం అంటారు. ఇలా కరిగి గడ్డకట్టే పదార్థాన్ని తొడుగులో బంధించి వేడినీ చల్లదనాన్నీ నిల్వచేసే విద్య నేడు ఎంతో ఎదిగింది. కంటికి ఆనని గుళికలలో మైనం నింపి గోడపలకలలో కలుపుతున్నారు. అయినా అందరికీ అందిన తొడుగు ఐస్‌ప్యాకే.

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది గనుక ప్యాకును గీత వరకే నింపుతారు. కారేదానిని వాడరు. ఉప్పు అసలు కలపరాదు. కుల్ఫీ బండివాడు ఐసులో ఉప్పు వేసేది సున్నా కంటె దిగువకు చల్లబరచడానికే. కుల్ఫీకి మేలు చేసే ఆ ఉపాయమే టీకాకు చేటు.

టీకాకు వేడి పనికిరాదని అందరికీ తెలుసు. అతిచలువ కూడా పనికిరాదని కొందరికే తెలుసు. పెంటావలెంట్, హెపటైటిస్-బి, డీపీటీ వంటివి గడ్డకడితే అందులోని అల్యూమినియం లవణపు కణాలు ముద్దకట్టి శక్తి నశిస్తుంది. కరిగించినా తిరిగి రాదు. సీసాపై వృత్తంలోని చతురస్రం వేడి సోకిన సంగతిని రంగు మారి తెలుపుతుంది గాని, గడ్డకట్టిన సంగతిని తెలుపదు. బిడ్డకు సూది పడుతుంది, కార్డుపై తేదీ పడుతుంది, రక్షణ మాత్రం కలుగకపోవచ్చు. తల్లికి అది తెలిసే మార్గమే లేదు.

డీప్ ఫ్రీజర్ నుండి తీసిన ప్యాకు సున్నాకు ఎంతో దిగువన ఉంటుంది. అందుచేత దానిని వెంటనే పెట్టెలో పెట్టరు. పైన చెమ్మ పట్టి, చెవి దగ్గర ఊపితే లోపల నీరు కదిలిన చప్పుడు వినిపించేవరకు ఆగుతారు. ఎండను బట్టి ఆ సమయం మారుతుంది. ఇక్కడ గడియారం కంటె చెవినే నమ్మాలి.

తొమ్మిదికని చెప్పి పదింటికి వచ్చిందని నర్సమ్మను నిందించేవారు ఈ సంగతి గ్రహించాలి. కూలి పోగొట్టుకొని వరుసలో నిలిచినవారికి ఆ గంట చిన్నది కాదు, నిజమే. ఆ ఆలస్యాన్ని ముందే లెక్కవేసి సరైన వేళ ప్రకటించడం ఆరోగ్య కేంద్రం చేయవలసిన పని. ఆమెను తొందరపెడితే మాత్రం నష్టపోయేది బిడ్డే.

5, 6 డిగ్రీల వద్ద కరిగే మైనజాతి పదార్థాలను ప్యాకులలో నింపరాదా అని అడగవచ్చు. నింపవచ్చు. అయితే కిలోకు అవి దాచే చల్లదనం మంచు కంటె తక్కువ, ఖర్చు ఎక్కువ. ప్యాకు చిట్లితే కుళాయి నీటితో పని గడవదు. ప్యాకులకూ టీకాలకూ నడుమ అడ్డుపొర గల కొత్తరకం పెట్టెలు ఇంతకంటె మేలైన మార్గం.

శిబిరంలో పెట్టె ఉంచడానికి నీడ చూపండి. మంచినీళ్ల సీసా చల్లబడుతుందని అందులో పెట్టమని కోరకండి. బిడ్డ టీకా కార్డు ఏ రాష్ట్రానిదైనా, ఏ భాషలో రాసినదైనా వెంట తీసుకొని రండి. మిగిలిన మోతాదులు ఇక్కడే వేస్తారు.