శక్తిమాన్ నేర్పిన పాఠం



దూరదర్శన్‌లో 1997 సెప్టెంబరు 13న 'శక్తిమాన్' మొదలైంది. ఉద్యోగరీత్యా అప్పుడు మేం అరకులోయలో ఉండేవాళ్లం. చుట్టుపక్కల గూడేల పిల్లలు కూడా మా ఇంటికి వచ్చి చూసేవారు. హిందీ మాటలకు నేనే తెలుగు చెప్పేవాణ్ణి.

ఒకరోజు మా అబ్బాయి గోడెక్కి, చెయ్యెత్తి గిరగిరా తిరుగుతూ దూకాడు. చెయ్యి విరిగింది. "శక్తిమాన్ వచ్చి పట్టుకుంటాడనుకున్నాను నాన్నా" అన్నాడు. అనుకరించవద్దని ముఖేష్ ఖన్నా తెరపై హితవు చెప్పేవారు. కథంతా తెలుగులో చెప్పిన నేను, ఎగరడం కెమెరా కిటుకని మాత్రం చెప్పలేదు!

ఆ సీరియల్ 2005లో ముగిసింది. ఇప్పుడు మనవడు సెల్‌ఫోనులో అలాంటివే చూస్తున్నాడు. ఈసారి పక్కనే కూర్చుంటున్నాను. మిత్రులారా, మనకు తీరిక ఉంది, మీరూ కూర్చోండి. సెలవు.