స్వరానికి అంకె వేసిన చరిత్ర



మాస్టారి పేరిట జరిగే ఈ ప్రసంగానికి ఏటా విద్వాంసుల్ని పిలవడం ఆనవాయితీ. ఈసారి ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి పిలిచారు. పాట గురించి మీకు నేను చెప్పగలిగింది తక్కువ. పాటను కంప్యూటరులోకి ఎక్కించడానికి ఇన్నేళ్లుగా ఏ అంకెలు వాడారు, అవి ఎవరి అవసరం కొద్దీ పుట్టాయి, మన దాకా వచ్చేసరికి ఎక్కడ పట్టాయి, ఎక్కడ పట్టలేదు, అంతవరకే నా విషయం.

యంత్రానికి స్వరం అప్పగించాలంటే కనీసం రెండు సంగతులు చెప్పాలి. ఏ శ్రుతిలో, ఎప్పుడు. కాలం సంగతి అంకగణితంతో పూర్తిగా తేలిపోతుంది. శ్రుతి సంగతి ఎన్ని దశాంశాలు పెంచినా తేలదు. అక్కడి చిక్కు కొలతలో లేదు. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పడానికి ఓ డెబ్భై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1951లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఫెరాంటి మార్క్ 1 అనే కంప్యూటరు ఉండేది. దానికి ఒక లౌడ్‌స్పీకరు తగిలించి, ‘హూట్’ అని ఒక ఆదేశం పెట్టారు. ఆ ఆదేశం నడిచినప్పుడల్లా స్పీకరు ఒక్కసారి టక్కుమంటుంది, అంతే. యంత్రం దగ్గర పనిచేసేవాళ్లను హెచ్చరించడానికి పెట్టిన ఏర్పాటది. అదే ఆదేశాన్ని గబగబా తిప్పి తిప్పి నడిపితే టక్కులన్నీ కలిసిపోయి నాదమవుతాయి. క్రిస్టఫర్ స్ట్రేచీ అనే బడిపంతులు దీన్ని పట్టుకుని బ్రిటిష్ జాతీయగీతం వాయించేలా ప్రోగ్రాము రాశాడు. ఆ ఏడాదే బీబీసీ వాళ్లు ఆ యంత్రం పాటల్ని రికార్డు చేశారు. సిడ్నీలో సీఎస్ఐఆర్ఏసీ అనే యంత్రమూ దాదాపు ఆ రోజుల్లోనే పాడింది.

మాంచెస్టర్ యంత్రంలో శ్రుతి కూడా కాలమే. రెండు టక్కుల మధ్య ఎన్ని ఆదేశాలు నడిపితే అంత మంద్ర స్వరం. ఆదేశాలు నాలుగో అయిదో ఉండాలి గాని నాలుగున్నర ఉండవు. కాబట్టి కొన్ని స్వరాలు అనుకున్న చోటికి కాస్త పక్కన పడ్డాయి. ఆ రికార్డింగు వింటే ఇవాళ్టికీ తెలుస్తుంది. పూర్ణాంకాలతో కొలిచినందుకు కట్టిన సుంకం అది. ఈ సుంకం మనకు మళ్లీ మళ్లీ తగులుతుంది.

అసలు స్వరాన్ని ‘డేటా’గా విడదీసినవాడు మాక్స్ మాథ్యూస్. అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు. 1957లో ఐబీఎం 704 మీద ఆయన రాసిన ‘మ్యూజిక్’ అనే ప్రోగ్రాముతో న్యూమన్ గట్‌మన్ కూర్చిన 17 సెకన్ల ముక్క వినిపించింది. ఆ ముక్క సంగతి వదిలేయండి, గొప్పగా ఏమీ ఉండదు. ఆ తర్వాత మాథ్యూస్ చేసిన విభజన గొప్పది. వాద్యం ఎలా మోగాలో ఒకచోట రాయాలి, ఏ స్వరం ఎప్పుడు మోగాలో ఇంకోచోట పట్టికగా రాయాలి. పట్టికలో ఒక్కో వరస ఒక్కో స్వరం: వాద్యం 1, ఆరంభం 2.0, నిడివి 0.5, బలం ఇంత, కంపనాలు 440. ఈనాటికీ వాడుకలో ఉన్న సీసౌండ్ లాంటి ప్రోగ్రాముల్లో పట్టిక స్వరూపం ఇదే.

మాథ్యూస్ సరదాకి వయొలిన్ వాయించేవాడు. కమాను మీద స్వరం మొదలూ చివరా గీత గీసినట్టు ఉండవని ఆయనకు తెలియకపోదు. అందుకే వాద్యం లోపల శ్రుతి అటూ ఇటూ ఊగడానికి వీలుంచాడు. పట్టికలో మాత్రం ప్రతి స్వరానికీ ఒక పుట్టుక, ఒక ఆయువు. ఆ వరస ఆకారం అక్కడే గట్టిపడింది.

1977లో రోలాండ్ వారి ఎంసీ-8 వచ్చింది. మీటలు లేవు, క్యాలిక్యులేటరుకు ఉన్నట్టు అంకెల పలక. ఒక్కో స్వరానికి శ్రుతి ఒకటి, తర్వాతి స్వరం దాకా ఎంతసేపు అన్నది ఒకటి, అందులో ఎంతసేపు మోగాలన్నది ఒకటి, విడివిడిగా కొట్టాలి. చివరి రెండూ వేరువేరని గుర్తించడం నాకు నచ్చుతుంది. పాడేవాళ్లు రెండక్షరాల స్వరాన్ని ఒకటిన్నర దగ్గర ఆపి ఊపిరి తీసుకోరూ!

ఇక మిడి. దీని దగ్గర కొంచెం ఆగాలి. ఇవాళ మీ ఇంట్లో పిల్లలు వాయించే కీబోర్డు నుంచి సినిమా రికార్డింగు గది దాకా అన్నిటి వెనకా ఉన్నది అదే. రకరకాల కంపెనీల సింథసైజర్లు ఒకదాని మాట ఒకటి వినాలన్న కోరిక నుంచి పుట్టింది. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో ఇకుతారో కకెహాషి దీనికి ముఖ్యులు. 1983 జనవరిలో రెండు వేరు కంపెనీల వాద్యాల్ని ఒక తీగతో కలిపి, ఒకదాని మీట నొక్కి రెండోదాన్ని మోగించి చూపించారు.

ఆ తీగలో పోయేది చాలా చిన్న మాట. మధ్య స్థాయి ‘సి’ మీట నొక్కితే మూడు అంకెలు: 144, 60, 100. మొదటిది ‘నొక్కారు’ అనే కబురు, రెండోది ఏ మీట, మూడోది ఎంత జోరుగా. వేలు తీస్తే ఇంకో మూడు అంకెలు. తీగ వేగం సెకనుకు 31,250 బిట్లు. మూడంకెల మాట చేరడానికి సెకనులో వెయ్యోవంతు పడుతుంది. ఆ కబురులో కాలం లేదు, నిడివి లేదు. వచ్చిన క్షణమే దాని కాలం. మాథ్యూస్ పట్టికలో ఆయువు ముందే రాసి ఉంటుంది; మిడిలో వేలు లేచేదాకా ఎవరికీ తెలియదు. వాయించే మనిషి ఎదురుగా ఉన్నాడన్న ధీమాతో చేసిన ఏర్పాటిది.

ఆ వాయింపును దాచుకోవాలన్న ఆశ కలిగాక కాలం మళ్లీ కావలసి వచ్చింది. 1988లో మిడి ఫైలుకు ఒక ప్రమాణం కుదిరింది. అందులో ప్రతి కబురుకూ ముందు, కిందటి కబురు నుంచి ఎన్ని ‘టిక్కులు’ గడిచాయో రాస్తారు. ఒక దెబ్బకు ఎన్ని టిక్కులో ఫైలు మొదట్లోనే చెప్పాలి. 96 పెట్టినవాళ్లున్నారు, 480 బాగా వాడుకలోకి వచ్చింది, 960 కూడా ఉంది. లయ వేగం వేరే రాస్తారు, ఒక దెబ్బకు ఇన్ని మైక్రోసెకన్లని. టిక్కు తాళానికి చెందింది, మైక్రోసెకను గడియారానికి చెందింది. ఈ రెండింటినీ కలపకపోవడం వల్లే పాట వేగం పెంచినా లెక్క చెడదు. మనవాళ్లు వర్ణాన్ని విలంబంలో ఎత్తుకున్నా ద్రుతంలో ఎత్తుకున్నా అక్షరాలు మారవు గదా, అదే పద్ధతి.

ఇప్పుడు 480ని మన నడకలతో భాగించి చూద్దాం. చతురశ్రానికి 120, తిశ్రానికి 160, ఖండానికి 96. హాయిగా ఉంది. మిశ్రానికి? 480ని ఏడుతో భాగిస్తే 68 పోను మిగులుంటుంది. సంకీర్ణానికి 53 పోను మిగులు. టిక్కు పూర్ణాంకమే కావాలి కాబట్టి ఎవరో అమాయకుడు మిశ్రంలో స్వరానికి 69 వేశాడనుకోండి. ఏడు స్వరాలకు 483, దెబ్బకు మూడు టిక్కులు ఎక్కువ. ఆదితాళం ఒక ఆవర్తానికి 24. దెబ్బకు ఒక సెకను చొప్పున నడిస్తే ఎనిమిది ఆవర్తాల్లో దాదాపు 0.4 సెకను. ముక్తాయింపు అయ్యాక ఎడుపు అందదు. మృదంగం దగ్గర కూర్చున్నవారు ముందు గాయకుణ్ణి చూస్తారు, తర్వాత యంత్రాన్ని చూస్తారు.

తెలిసినవాడు అలా చేయడు. ఒక్కో స్వరాన్నీ దెబ్బ మొదలు నుంచి లెక్కగట్టి సవరిస్తాడు, తేడా అర టిక్కు దాటదు. ఇంకా మంచి దారి, టిక్కుల సంఖ్యనే సరిగా ఎంచుకోవడం. 3, 4, 5, 7, 9 అన్నిటికీ క.సా.గు. 1260. దెబ్బకు 1260 టిక్కులు పెట్టండి: చతురశ్రం 315, తిశ్రం 420, ఖండం 252, మిశ్రం 180, సంకీర్ణం 140. ఎక్కడా మిగులు లేదు. మూడో కాలం దాకా వెళ్లాలంటే నాలుగింతలు, 5040. మిడి ఫైలులో ఈ అంకెకు 32,767 దాకా చోటుంది. ఆ చోటు మొదటినుంచీ ఉంది, అడిగినవాళ్లు లేరు. సినిమా పాటలకు క్లిక్ ట్రాక్ పెట్టి ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకు ఎక్కువగా కావలసింది చతురశ్రం, తిశ్రం. అవి 480లో ఇముడుతాయి. అసలు టిక్కులే వద్దనుకుని కాలాన్ని భిన్నాలుగా, లవం హారం విడిగా, దాచుకునే ప్రోగ్రాములూ ఉన్నాయి. స్వరలిపి అచ్చుకు వాడే లిలీపాండ్ అలాంటిది. కాలం సమస్య తేలిపోతుందని నేనన్నది ఇందుకే.

భిన్నాల లెక్క మనకేం కొత్త? మన అచ్చు స్వరలిపినే చూడండి. వెల్టే కంపెనీ జర్మనీలో పియానిస్టు చేతి వాటాన్ని కాగితపు చుట్ట మీద చిల్లులుగా పట్టే పియానోను తెచ్చిన 1904లోనే, ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో అచ్చు వేయించారు. ఆయన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితుల దత్తపుత్రుడు. పాశ్చాత్య స్వరలిపి తెలిసిన చిన్నస్వామి మొదలియారు పట్టుబట్టడం ఆ పుస్తకం రావడానికి ఒక కారణం. జర్మనీ చుట్టకు చదివే మనిషి అక్కరలేదు. ఎట్టయాపురం పుస్తకానికి కావాలి. కంపితానికి అలగీత, జారుకు ఏటవాలు గీత. ఆ గీత చూసి ఎంత ఊపాలో ఎక్కడ జారాలో రాగం తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

కాలం విషయంలో మాత్రం మన లిపి యంత్రానికి కూడా అర్థమయ్యేంత నిక్కచ్చిగా ఉంటుంది. హ్రస్వానికి ఒక అక్షరం, దీర్ఘానికి రెండు, కామాకు ఒకటి, సెమికోలన్‌కు రెండు, పైన ఒక గీత ఉంటే సగం, రెండు గీతలుంటే పావు. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. యూనికోడ్‌లో ‘గ’ ఒక సంకేతం, ‘గా’ రెండు సంకేతాలు: గకారం, దాని మీద దీర్ఘం. సంకేతాల్ని లెక్కపెడితే చాలు, కాలం వచ్చేస్తుందని తోస్తుంది. ‘రి’ దగ్గర బోల్తా. ‘రి’కి గుడి ఉంది కాబట్టి అదీ రెండు సంకేతాలే, కాలం మాత్రం ఒకటే. ‘ని’ కూడా అంతే. కాబట్టి ప్రోగ్రాము సంకేతాల్ని లెక్కపెట్టకూడదు, ఉన్న గుణింతం హ్రస్వమా దీర్ఘమా చూడాలి. తారస్థాయికి పెట్టే పైచుక్క గొడవ వేరే ఉంది. చాలా ఫాంట్లలో అది అక్షరం మీద కుదురుగా కూర్చోదు.

ఇక శ్రుతి. మిడిలో స్థాయికి పన్నెండు మీటలు. 60ని షడ్జమం అనుకుంటే 62 ఏమిటి? చతుశ్రుతి రిషభం. కనకాంగిలో అదే శుద్ధ గాంధారం. మనకు పన్నెండు స్థానాల్లో పదహారు పేర్లున్నాయి; మీట నంబరు ఒక్కటే చూసి పేరు తిరిగి రాబట్టలేం. పాశ్చాత్యులకూ ఈ బాధ ఉంది, సి షార్పు, డి ఫ్లాటు రెండూ 61 అయిపోతాయి. అందుకే 2004లో వచ్చిన మ్యూజిక్ఎక్స్ఎంఎల్ అనే ఫైలు పద్ధతిలో స్వరం పేరు, దాని హెచ్చుతగ్గు, స్థాయి మూడూ విడిగా రాస్తారు.

మీటల మధ్య సూక్ష్మత లేదని మిడిని ఆడిపోసుకోవడం మనవాళ్లకు అలవాటు. అది న్యాయం కాదు. శ్రుతిని వంచే చక్రానికి 16,384 మెట్లున్నాయి. అటు రెండు ఇటు రెండు స్థానాల మేర పరిస్తే, ఒక్కో మెట్టు స్థానంలో నాలుగువేలోవంతు. ఏ చెవికీ అంతకంటే అక్కరలేదు. ఇబ్బంది ఏమిటంటే ఆ చక్రం తిప్పితే అదే చానెల్‌లో, అంటే అదే దారిలో, పోయే స్వరాలన్నీ కలిసి వంగుతాయి, షడ్జమం పట్టుకున్న తంబురాతో సహా. ఒక్కో స్వరానికి ఒక్కో చానెల్ ఇచ్చే పద్ధతి 2018లో, స్వరం స్వరానికీ విడిగా వంపు ఇచ్చే మిడి 2.0 ప్రమాణం 2020లో వచ్చాయి. సూక్ష్మత లోటు పూర్తిగా తీరింది.

తీరాక తోడి పాడండి. తోడి గాంధారం సాధారణ గాంధారం, మన లెక్కలో 63. పాడేటప్పుడు ఎవరు 63 మీద నిలబడతారు? అటు రిషభం వైపు, ఇటు మధ్యమం వైపు ఊగుతూ ఉంటుంది. 63 అన్నది ఆ ఊపుకు పెట్టిన పేరు. అది ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది? పట్టికలో ఆ వరసకు ఆరంభం, నిడివి రాయక తప్పదు. వీణ మీద ఇది ఇంకా స్పష్టం. ఒక్క మీటు వేసి తీగ లాగుతూ మూడు స్వరాలు పలికిస్తారు. పట్టికలో అవి మూడు వరసలు, మోగించినప్పుడు మూడు మీట్లు. శ్రుతి సరిగ్గా ఉంటుంది, కాలం సరిగ్గా ఉంటుంది, వీణ తెలిసినవారు మాత్రం లేచి వెళ్లిపోతారు.

పట్టిక నుంచి కాక రెండో కొస నుంచి, అంటే పాడిన పాట నుంచి, వచ్చినవాళ్లూ ఉన్నారు. బార్సిలోనాలో గ్జావియర్ సెర్రా నడిపిన కాంప్‌మ్యూజిక్ పరిశోధనలో మద్రాసు ఐఐటీ కూడా పాలుపంచుకుంది. అక్కడ రికార్డింగు నుంచి శ్రుతిని సెకనుకు వందలసార్లు కొలిచి ఒక వంపు గీతగా తీశారు. ఆ గీతలో ఊపు ఉంది, జారు ఉంది, అన్నీ ఉన్నాయి. గాంధారం ఎక్కడుందో మాత్రం గీత చెప్పదు. దాన్ని స్వరాలుగా కోయడమే కష్టమైన పని, రాగం తెలియకుండా కోయలేం. పట్టికకు స్వరం పేరు తెలుసు, రూపం తెలియదు. గీతకు రూపం తెలుసు, పేరు తెలియదు. నా ఉద్దేశంలో రెండింటినీ పక్కపక్కనే ఉంచుకోవాలి. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చి మొదటిదాన్ని పారేయకూడదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మాస్టారి నోట్సు పుస్తకాల్ని కంప్యూటరుకెక్కించాలని వారి శిష్యులు సంకల్పించారు. మిడి ఫైళ్లుగా మార్చేద్దాం అన్న మాట కూడా వచ్చింది. నా మనవి వేరు. ఒక్కో స్వరానికి ఒక్కో వరస ఉండనివ్వండి గాని, అందులో స్వరం పేరు పదహారులో ఏదో అదే రాయండి, స్థాయి విడిగా, కాలం అక్షరాల్లో భిన్నంగా, టిక్కుల్లో కాదు, సాహిత్యాక్షరం, గమకం గుర్తు ఆయన వేసినది వేసినట్టు, మీటు ఉందా లేదా. మాస్టారు మీటు పడే చోట చిన్న నిలువు గీత గీసేవారు, అది ఎక్కడా వదలొద్దు. ఈ పట్టిక నుంచి మిడి ఫైలు కావాలంటే ఎప్పుడైనా తీసుకోవచ్చు, దెబ్బకు 5040 పెట్టి. మిడి నుంచి ఈ పట్టిక తిరిగి రాదు. వర్ణాలతో మొదలుపెడితే మేలు. ఒక్కో ఆవర్తానికి అక్షరాలు సరిపోయాయో లేదో కూడికతోనే తెలిసిపోతుంది, ఎక్కించడంలో దొర్లిన తప్పులు అక్కడికక్కడే పట్టుబడతాయి.